టూల్ బాక్సు మీద సొట్ట

2003 జనవరి 26, ఆదివారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. కృష్ణానది మీది మంచు పూర్తిగా విడిపోయింది. గాలి లేదు. ఎండ పల్చగా ఉన్నా నీడలు స్పష్టంగా పడుతున్నాయి. వాతావరణం సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ వెలుతురులో ఒక లోహపు ముక్క మీద అచ్చు గుద్దిన అంకెలను చదవలేకపోయామని చెప్పుకోవడానికి ఏ కంటికీ వీలు లేదు. అయినా ముగ్గురు న్యాయనిర్ణేతలూ చదవలేదు. చదవాలంటే నడుము వంచాలి. ముగ్గురూ ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంట్లు వేసుకుని వచ్చారు.

విజయవాడలో పాత మోటారు వాహనాల అభిమానులు కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా గణతంత్ర దినోత్సవం నాడు ఒక కాలేజీ మైదానంలో బళ్ళను వరుసగా నిలబెట్టి మార్కులు వేస్తారు. ఆ వరుసలో చివరిది మా బావగారి బండి. బావగారు, అంటే మా అక్క భర్త, పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అవనిగడ్డ నుంచి కైకలూరు దాకా కాలవగట్ల మీద తిరిగింది ఈ బండి మీదే. మూడువందల యాభై సీసీ ఇంగ్లీషు మోటార్ సైకిలు. 1955 ఫిబ్రవరిలో మద్రాసులో కొత్తగా కొన్నారు. అప్పటినుంచి టైర్లు, గొలుసు, తీగలు తప్ప ఏదీ మార్చలేదని ఆయన మాట.

సంఘం అధ్యక్షుడు విద్యుత్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయిన పెద్దమనిషి. ప్రధాన న్యాయనిర్ణేత కూడా ఆయనే. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, ఆ క్లిప్పు కింద ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన ఒక ఫొటో. ఆయన విద్య యావత్తూ ఆ ఫొటోయే. దాన్ని బండి పక్కన పెట్టి, పత్రికల్లో రెండు బొమ్మల మధ్య తేడాలు వెతికే పిల్లల్లాగా ఇటు ఒకసారి, అటు ఒకసారి చూశారు.

"డాక్టరుగారూ, బండి బ్రహ్మాండంగా ఉందండీ. కానీ కార్బొరేటర్ దీనిది కాదండి."

"దీనిది కాకపోతే మరి దేనిదండీ? నేను కొన్న రోజునుంచీ అదే ఉంది."

"అలా అందరూ అంటారండి," అని అధ్యక్షుడు చాలా మర్యాదగా నవ్వారు. "యాభై ఐదు మోడల్‌కి గిన్నె విడిగా ఉండదండి. చూడండి, ఫొటోలో ఒకటే పోత. ఎవడో మెకానిక్ ఎప్పుడో పాత బండిది తెచ్చి తగిలించుంటాడు. మీకు గుర్తుండకపోవచ్చు."

పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు అందించే పరికరం కార్బొరేటర్. పాత రకంలో పెట్రోలు నిలవ ఉండే గిన్నె విడిగా, పక్కన వేలాడుతూ ఉంటుంది. కొత్త రకంలో గిన్నె కూడా ఒంట్లోనే కలిసిపోయి అంతా ఒకే పోతగా వస్తుంది. ఈ బండిని చేసిన కంపెనీ 1955 మోడల్‌తో కొత్త రకానికి మారింది. దీని మీద ఎవరికీ భేదాభిప్రాయం లేదు. భేదమల్లా మా బావగారి బండి ఏ మోడల్ అన్నదాని మీద. ఆ ప్రశ్న ఆ పూట ఎవరూ వేయలేదు. ఆర్‌సీ బుక్కులో 1955 అని ఉంది కాబట్టి 1955 మోడల్ అన్నారు. అంతటితో విచారణ ముగిసింది.

వెళ్తూ వెళ్తూ అధ్యక్షుడు ఇంకొకటి కూడా కనిపెట్టారు. కార్బొరేటర్ వెనకనున్న టూల్ బాక్సు మీద, ఇంజిన్ వైపున్న రేకులో, అరచేతిలో సగమంత గుంట ఉంది. "ఇదిగో, ఇక్కడ సొట్ట కూడా ఉందండి. టింకరింగ్ చేయించేయండి, నీటుగా ఉంటుంది," అని సలహా చెప్పి దానికి రెండు మార్కులు కోశారు. తర్వాత ఒక అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో "కార్బొరేటర్: ఒరిజినల్ కాదు. టూల్ బాక్సు: సొట్ట" అని రాసి హ్యాండిల్‌కు దారంతో కట్టించారు. సాయంత్రం దాకా అది అక్కడే వేలాడింది. వచ్చిన ప్రతి ఒక్కరూ బండిని వదిలేసి అట్టముక్కనే చదివారు.

బావగారికి బహుమతి కప్పు మీద మోజు లేదు. పశువుకు ఏం జబ్బో, బతుకుతుందో బతకదో చెప్పి, ఆ మాట మీద రైతు నిలబడేటట్టు ముప్పయ్యేళ్ళు బతికిన మనిషి ఆయన. డెబ్బై మూడేళ్ళ వయసులో ఆయన చెప్పిన మాట అబద్ధమని రాసి, ఆయన బండికే కట్టి, నలుగురి చేతా చదివించారు. అలా అందరూ అంటారండి అన్న ఆ ఒక్క వాక్యం ఆయన్ను గుణదల ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. బండి మీద దుప్పటి కప్పారు. తర్వాత రెండు నెలలు కూరగాయలకు కూడా ఆటోలోనే వెళ్ళారు.

మా అక్క మాత్రం నవ్వేసింది. "నలభై ఎనిమిదేళ్ళు ఆ బండి వెనక సీటు మీద కూర్చున్నాను. వాళ్ళ ఫొటో దేనికి? నా నడుమునడగమను, ఒరిజినలో కాదో అదే చెబుతుంది," అంది.

నేను ఉద్యోగమంతా ఇరిగేషన్ శాఖలో నీటిమట్టాలు కొలిచి నమోదు చేసే పనిలో గడిపాను. బ్యారేజీ దగ్గర రాతి మీది గీతలు ఎంత నీరుందని చెబితే అంతే ఉన్నట్టు. గట్టు మీద నిలబడినవాడికి ఎంతగా కనిపించిందన్నది లెక్కలోకి రాదు. అందువల్ల బావగారి జ్ఞాపకాన్ని కూడా నేను సాక్ష్యంగా తీసుకోలేదు. ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాను. ఆయన బాధపడ్డారు. కానీ ఆయన మాట నిజమో కాదో తేల్చవలసింది ఆయన మాట కాదు, ఇనుము.

మార్చి నెలాఖరున ఆయనే నన్ను పిలిచారు. "బావమరిదీ, వాళ్ళు చెప్పిందే తెచ్చి పెట్టేద్దామయ్యా. ఈ వయసులో నలుగురిలో అబద్ధాలకోరు అనిపించుకోవడం దేనికి? ఆ సొట్ట కూడా సాపు చేయించేద్దాం."

అబద్ధాలకోరు అనిపించుకోకుండా ఉండటం కోసం బండి చేత అబద్ధం చెప్పిస్తానంటున్నారు. ఇటువంటి తర్కాన్ని మనుషుల్లో పుట్టించగలగడమే ఆ సంఘం సాధించిన ఘనకార్యం. నేను ఒకే షరతు పెట్టాను. కొత్తది ముందు బిగించి చూడాలి, టింకరింగ్ తర్వాత. ఆ వరస తారుమారై ఉంటే ఇది రాయడానికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు.

వన్ టౌన్‌లో పాత మోటార్ సైకిళ్ళ సామాను అమ్మే కొట్టు ఒకటుంది. తోపుడు బళ్ళ మధ్యనుంచి ఒక్క మోటార్ సైకిలు పట్టేంత సందులోకి వెళ్ళాలి. యజమాని ముస్లిం పెద్దాయన. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే వ్యాపారం. మేము అడగ్గానే ఒకే పోతగా ఉన్న కార్బొరేటర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అద్దంలా మెరుస్తోంది. నేను తిప్పి చూశాను. రకం సంఖ్య, లోపలి గొట్టం వ్యాసం సూచించే సంఖ్య గుద్ది ఉండవలసిన చోట నున్నగా ఉంది.

"అంకెలేవండీ?" అన్నాను.

"బఫింగ్‌లో పోయినయ్ సాబ్."

"అంకెలు పోతే ఇది ఏ బండిదో ఎలా తెలుస్తుంది?"

"తెలవాలని ఎవరడిగారు సాబ్? మెరవాలని అడుగుతారు. మీ సంఘంలో మెరుపుకి పది మార్కులు. అంకెకి ఎన్ని?"

అంకెకు సున్నా. వస్తువు ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చెప్పే ఒకే ఒక ఆధారాన్ని బఫింగ్ చక్రానికి పట్టి అరగదీయించి, ఆ నున్నదనానికి మార్కులు వేసే మనుషులు తాము చరిత్ర పరిరక్షకులమని బ్యానరు మీద రాయించుకున్నారు.

కొట్టు ముందే బండి నిలబెట్టి పాతదాన్ని విప్పారు. విడి గిన్నె పక్కకు తొలగింది. అప్పుడు టూల్ బాక్సు మీది సొట్ట మొదటిసారి పూర్తిగా కనిపించింది. అంతవరకూ దానిలో సగభాగం గిన్నె చాటున ఉండేది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. దెబ్బ తగిలి పడిన సొట్టకు ఒక లోతైన చోటు ఉంటుంది, చుట్టూ రేకు ముడతపడుతుంది, రంగు చిట్లుతుంది. దీనికి అంచంతా ఒకే ఒంపు. నల్లరంగు ఎక్కడా చిట్లకుండా లోపలిదాకా దిగింది. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి గిన్నె వెడల్పు, గుంట వెడల్పు కొలిచాను. గిన్నె కంటే గుంట ఎడమవైపు మూడు మిల్లీమీటర్లు, కుడివైపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. కాలవగట్టు మీద జారిపడిన బండి రెండువైపులా మూడేసి మిల్లీమీటర్లు వదిలి సొట్టపడదు.

అది సొట్ట కాదు. గిన్నెకు చోటివ్వడానికి కంపెనీవాళ్ళు అచ్చు మీద నొక్కి చేసిన గుంట. అధ్యక్షుడు రెండు మార్కులు కోసింది దానికే. సాపు చేయించమన్నదీ దాన్నే.

మెరిసే కార్బొరేటర్ బిగించి చూశాం. బోల్టులైతే కూర్చున్నాయి. కానీ గుంట ఖాళీగా మిగిలింది. పెట్రోలు గొట్టం చేరవలసిన వైపు చేరక గాలిలో ఆగిపోయింది. ఈ టూల్ బాక్సు ఆ కార్బొరేటర్ కోసం చేసింది కాదని దానికి మించి చెప్పనక్కర్లేదు.

బావగారు ఆ గుంటలో బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పారు. "దీన్ని సుత్తితో కొట్టించేసేవాణ్ణి కదయ్యా," అన్నారు.

పెద్దాయన పాతదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూస్తూ అన్నారు: "ఇది మీకొద్దంటే మాత్రం బయట ఇవ్వద్దు సాబ్, నాకివ్వండి. మీ సంఘం పెద్దసార్ ఇట్లాంటిది దొరికితే చెప్పమన్నాడు. ఆయన యాభై మూడు బండికి కావాలంట."

యాభై మూడు బండికి విడి గిన్నె రకమే సరైనది. అధ్యక్షుడి బండికి అది లేదన్నమాట. మా బావగారికి ఉన్నదాన్ని తీసేయమన్నదీ ఆయనే, అటువంటిది దొరికితే చెప్పమన్నదీ ఆయనే. ఇది దుర్మార్గమో అజ్ఞానమో తేల్చడానికి నా దగ్గర కొలత లేదు కాబట్టి ఆ సంగతి అక్కడే వదిలేస్తున్నాను.

అయితే గుంట ఒక్కటే చాలదు. టూల్ బాక్సు కూడా పాత బండిదే తెచ్చి తగిలించారంటారు. అటువంటి మనుషులు ఓడిపోతున్నప్పుడే కొత్త అనుమానాలు కనిపెడతారు. బండి ఎప్పుడు తయారైందో బండే చెప్పాలి. అందుకు పనికివచ్చేది ఇంజిన్ మీద గుద్దిన సంఖ్య. కంపెనీ వరుసగా వేసుకుంటూ పోతుంది. చిన్న సంఖ్య ముందు తయారైంది, పెద్దది తర్వాత. పోల్చడానికి అదే కంపెనీది, అదే రకానిది మరో బండి కావాలి.

అది ఆ కొట్టు వెనకే ఉంది. పెద్దాయన వాళ్ళ నాన్నగారిది. 1954 నవంబరులో రిజిస్టరైంది. దానికీ విడి గిన్నె కార్బొరేటరే, టూల్ బాక్సుకూ అదే గుంట. జనవరి ప్రదర్శనలో అదే న్యాయనిర్ణేతలు దాన్ని "ఒరిజినల్" అని రాసిచ్చారు. ఆ రోజు దాని గుంట మైదానం గోడవైపు ఉండటం వల్ల కాబోలు, మార్కులు కోయడం కుదరలేదు.

"మీరు మెరిసేవి అమ్ముతూ మీ బండికి ఇది ఉంచుకున్నారేం?" అని అడిగాను.

"అమ్మేది వేరు సాబ్, ఉంచుకునేది వేరు," అన్నారాయన, అందులో ఆశ్చర్యపోవలసింది ఏముందన్నట్టు.

రెండు ఇంజిన్ల మీదా తడిగుడ్డతో తుడిచి, పెన్సిలు పొడి రుద్ది సంఖ్యలు చదివాను. ఒక్కొక్కటీ రెండుసార్లు. ఒకసారి నేను, ఒకసారి బావగారు, ఒకరిది ఒకరికి చెప్పకుండా. బావగారి సంఖ్య నాలుగు వందల పన్నెండు తక్కువ. అంటే నవంబరు 1954లో అమ్ముడైన బండి కంటే ఫిబ్రవరి 1955లో అమ్ముడైన బండి ముందు తయారైంది.

ఎందుకని అడిగితే బావగారు కాసేపు ఆలోచించి తలమీద కొట్టుకున్నారు. "మద్రాసు షోరూమువాడు షోకేసులోదిచ్చాడయ్యా! తర్వాతి ఓడ వచ్చేదాకా ఆగమన్నాడు. నేనేమో అవనిగడ్డలో డ్యూటీలో చేరాలి. అద్దాల్లో నిలబెట్టినదాన్నే ఇమ్మని పట్టుబట్టాను."

ఓడలో వచ్చి, మద్రాసులో అద్దాల వెనక నెలల తరబడి నిలబడి, ఆ తర్వాత రవాణా శాఖ చేత ముద్ర వేయించుకున్న బండి అది. ముద్ర వేసిన రోజునే పుట్టిందని నమ్మడం మన ప్రాంతపు చదువుకున్నవాళ్ళకు మాత్రమే సాధ్యమైన పొరపాటు. అయితే తమ విషయంలో మాత్రం వాళ్ళు ఆ పొరపాటు ఎన్నడూ చేయరు.

2004 జనవరి 26, సోమవారం. అదే మైదానం. కొద్దిగా మబ్బు. బావగారి బండి అదే కార్బొరేటర్‌తో, అదే గుంటతో, కిందటేటి అట్టముక్కతో సహా వచ్చింది. అట్టముక్క తేవాలన్నది ఆయన పట్టుదల. ఎవరు రాశారో వాళ్ళే కొట్టేయాలన్నారు. పక్కన వన్ టౌన్ కొట్టు పెద్దాయన బండి నిలబెట్టించాను.

అధ్యక్షుడు గుంటను చూశారు. నేను వేలితో చూపించాను కాబట్టి చూడక తప్పలేదు. రెండు సంఖ్యలూ చదివించాను. ఆయన చివరికి తనకు అచ్చొచ్చిన ఆయుధమే తీశారు.

"అదంతా సరేనండీ. కానీ ఆర్‌సీ బుక్కులో 1955 అని ఉంది కదా. గవర్నమెంటు రాసిన తేదీని మీరు కాదంటారా?"

"మీరు ఏ సంవత్సరంలో పుట్టారండీ?" అన్నాను.

"దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

"చెప్పండి, పరవాలేదు."

"1940. జూలై ఒకటి."

"మీరు 1998లో యాభై ఎనిమిదేళ్ళకి రిటైరయ్యారు. సరిపోయింది. మరి 1996లో, ధాత నామ సంవత్సరంలో, భవానీపురం కల్యాణ మండపంలో మీ షష్టిపూర్తి భోజనానికి నేను వచ్చాను. అరవై నిండిన మనిషికి రెండేళ్ళ తర్వాత యాభై ఎనిమిది ఎలా నిండాయండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళే. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు తోచిన తేదీ రాయడం, అది చాలాసార్లు జూలై ఒకటి కావడం, దాని పుణ్యాన సర్వీసు నాలుగేళ్ళు పెరగడం వాళ్ళలో సగం మందికి స్వానుభవం. ముందు ఎవరో దగ్గారు. తర్వాత పెద్దాయన వినయంగా అడిగారు:

"సాబ్, అయితే షష్టిపూర్తికి ఆఫీసులో సెలవు పెట్టారా?"

నవ్వు మైదానం చివరిదాకా వెళ్ళింది. అధ్యక్షుడు అన్నారు: "అది వేరండీ! అది మా హెడ్మాస్టరు వేసిన తేదీ."

"ఇది రవాణా శాఖ వేసిన తేదీ," అన్నాను.

ఆయన అట్టముక్క మీద "కాదు" అన్న మాటనూ, "సొట్ట" అన్న మాటనూ కొట్టేసి పక్కన సంతకం చేశారు. క్షమాపణ చెప్పలేదు. దానికి బదులు, "అంత తెలిసినవారైతే మిగతా బళ్ళు కూడా మీరే చూసి పెట్టండి," అన్నారు. వెటకారంగా అన్న మాటే, కానీ నేను దాన్ని ఉత్తర్వుగా తీసుకున్నాను.

కాలిపర్స్, భూతద్దం, తడిగుడ్డ పట్టుకుని ఆ వరుసంతా చూశాను. 1960కి ముందరివని నిలబెట్టిన ప్రతి బండికీ మూడు పరీక్షలు. రకం ఆ కాలానిదేనా, అంకె కనిపిస్తోందా, లోపలి వ్యాసం అంకెకు సరిపోతోందా. ఒకదానికి మన దేశపు స్కూటరు కార్బొరేటర్ ఉంది. ఒకదానికి పొలంలో నీళ్ళు తోడే ఇంజినుది తెచ్చి వెండిరంగు పూశారు. యజమాని దాన్ని పోటీ బళ్ళకు వాడే ప్రత్యేకమైన రకమని నాకు వివరించారు కూడా. ఎక్కువ వాటికి అంకెలు లేవు, బఫింగ్ మింగేసింది. చదవడానికి ఏమీ లేనిదాన్ని సరైనదని నేను రాయను. అధ్యక్షుడి యాభై మూడు బండికి ఆ బండి పుట్టేనాటికి ఇంకా పుట్టని కార్బొరేటర్ ఉంది. ముఖం కనిపించేటంత మెరుగు పెట్టించారు. ఆ మెరుగులో ఆయన కనీసం తన ముఖమైనా చూసుకుని ఉంటే బాగుండేది.

తర్వాతి నెలలో సంఘం సమావేశమై కార్బొరేటర్‌ను మార్కుల పట్టికలోంచి తొలగించింది. మెరుపుకున్న పది మార్కులను పదిహేను చేసింది. అంతకంటే తెలివైన తీర్మానం వాళ్ళనుంచి నేను ఆశించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం బావగారు కొట్టివేతలున్న ఆ అట్టముక్కను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. బహుమతుల కోసం ఆగలేదు. అక్కను వెనక కూర్చోబెట్టుకుని రెండో తన్నుకు బండి స్టార్టు చేశారు. మొదటి తన్నుకే స్టార్టయిందని ఆయన ఇప్పటికీ అంటారు. కాదు, రెండో తన్నుకే. వచ్చేటప్పుడు ఆటోలో వచ్చిన అక్క పోయేటప్పుడు, "మెల్లిగా పోనివ్వండి, సొట్టలు పడితే మార్కులు పోతాయి," అంటూ ఆయన భుజం పట్టుకుంది. ఇద్దరూ గుణదల వైపు వెళ్ళిపోయారు.

నేను నా లెక్క పూర్తి చేసి అధ్యక్షుడి బల్ల మీద పెట్టి వచ్చాను. 1960కి ముందరివని ఆ రోజు మైదానంలో నిలిచిన బళ్ళు పంతొమ్మిది. తయారైననాటి కార్బొరేటర్ ఉన్నవి రెండు.